సముద్రం కనిపించే ఇల్లు ఎవరికోసం?

ఈమధ్య మా చిన్నమ్మ భూపాలపల్లి నుంచి ఫోన్ చేసింది. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, మిర్చి ధరలు అన్నీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టింది.

"మీ చిన్నాయిన వైజాగ్‌ల ఫ్లాట్ కొంటనంటున్నడు బిడ్డా. బాల్కనీల నిలబడితె సముద్రం కనవడ్తదట. ఈ నెలాఖరుకు రెండు లక్షలు కడితె రేటు తగ్గిస్తరట. నువ్వు సదువుకున్నదానివి, జర చెప్పు. కొనచ్చునా?"

నేను చదివింది బీయస్సీ. రాసేది కథలు. రోజంతా చేసేది ఇంటిపని. ఫ్లాట్ల సంగతి నాకేం తెలుసు? అయినా చిన్నమ్మ అడిగాక ఊరుకోబుద్ధి కాలేదు. పాత పేపర్లు, బ్యాంకు కాగితాలు, ఫ్లాట్ కొన్న వదిన దగ్గరున్న ఫైలు ముందేసుకుని పదిహేను రోజులు కూర్చున్నాను. నాకు అర్థమైన నాలుగు ముక్కలు మీతోనూ పంచుకుందామని ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇది మా చిన్నమ్మ ఒక్కదాని ప్రశ్న కాదు.

మా మూడు జిల్లాల్లో చేతిలోకి ఒక్కసారిగా డబ్బు వచ్చే దారులు మూడు. భూపాలపల్లిలో సింగరేణి రిటైర్మెంటు డబ్బు. మా చిన్నాయిన ముప్పై నాలుగేళ్లు బాయిలోకి దిగి పనిచేశాడు. గ్రాట్యుటీ, పీఎఫ్ అన్నీ కలిపి ఒకేసారి చేతికొచ్చాయి. మానుకోట వైపు మంచి ధర పలికిన ఏడాది మిర్చి డబ్బు. ఇక మా జనగామలో హైవే పక్క భూములమ్మిన డబ్బు. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. జిల్లా కేంద్రమనేసరికి ప్లాట్ల రేట్లు ఎలా మాట్లాడుకున్నారో మనమంతా చూసినవాళ్లమే. "అప్పుడు కొనుంటేనా..." అనే నిట్టూర్పు లేని ఇల్లు మా వీధిలో లేదు. ఆ నిట్టూర్పునే ఏజెంట్లు ఇప్పుడు వాడుకుంటున్నారు. "జనగామలో పోగొట్టుకున్న అవకాశం వైజాగ్‌లో ఉంది మేడమ్" అని నాతోనే ఒకాయన అన్నాడు.

ఆశ తప్పనను. తెలంగాణకు సముద్రం లేదు. చిన్నప్పుడు వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి, రామకృష్ణా బీచ్‌లో మొదటిసారి ఆ నీళ్లు చూసినప్పుడు నేను మాట రాక నిలబడిపోయాను. అలాంటిచోట మనకూ ఒక ఇల్లుంటే అనిపించడంలో తప్పేముంది? కానీ ముచ్చట వేరు, పెట్టుబడి వేరు. ముచ్చటకైతే ఖర్చు ఎంతో చూసుకుంటాం. పెట్టుబడికి లాభమెంతో చూసుకోవాలి. ఈ రెండింటినీ కలిపి అమ్మడమే ఆ రంగుల బ్రోచర్ల పని.

ప్రకటనల అలలు

విశాఖ ధరలు పదేళ్లుగా అలల్లాగే వచ్చిపోతున్నాయి. ఆ అలలను లేపేది ఎక్కువగా ప్రభుత్వాల ప్రకటనలే. 2014లో రాష్ట్రం విడిపోయింది. కొత్త రాష్ట్రంలో పెద్ద నగరం విశాఖే కాబట్టి అందరి చూపూ అటు పడింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఆ ఊరి మీదికే వచ్చింది. విమానాశ్రయం పైకప్పు దగ్గర్నుంచి ఇళ్ల కిటికీ అద్దాల దాకా ఎగిరిపోయాయి.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వినబడింది. విశాఖ పరిపాలనా రాజధాని అన్నారు. 2020లో చట్టం చేశారు. 2021 నవంబరులో అదే చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతినే రాజధానిగా అభివృద్ధి చేయాలని తీర్పిచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, రాజధాని అమరావతే అన్నారు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరో ముఖ్యమంత్రి, ఇలా రెండుసార్లు శంకుస్థాపన జరిగింది.

ఇప్పుడు కొత్త అల. 2025 జనవరిలో దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఋషికొండ కొండ మీద టీసీఎస్‌కు 99 పైసలకే 21 ఎకరాలు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతానంది. ఇవి ఉత్తుత్తి మాటలు కావు. విశాఖ పెరుగుతున్న ఊరే, సందేహం లేదు.

కానీ ఒక్క విషయం గమనించండి. ఇళ్లను అద్దెకు తీసుకునేది, కొనేది పెట్టుబడి కోట్లు కాదు, జీతం తీసుకునే మనుషులు. డేటా సెంటర్‌లో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. సాఫ్ట్‌వేరు ఆఫీసు తెరిచి వేలమందిని తీసుకుంటే అద్దెలు పెరుగుతాయి. ఆఫీసు వస్తుందన్న వార్తకే పెరిగేది ఫ్లాటు ధర. వార్త విని మనం కొంటే, ఆ వార్త నిజమైనప్పుడు వచ్చే లాభంలో సగం ముందే బిల్డరుకు ఇచ్చేసినట్టు.

ఇది మన దగ్గరే కాదు. చైనాలో హైనాన్ అనే దీవిని 1988లో ప్రత్యేక రాష్ట్రంగా, ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించారు. సముద్రం, ఎండ, కొత్త ప్రభుత్వం... దేశం నలుమూలల నుంచీ డబ్బు వచ్చిపడింది. 1993లో కేంద్రం అప్పులు బిగించగానే అంతా కుప్పకూలి, సగం కట్టిన భవనాలు ఏళ్లతరబడి అలాగే నిలబడిపోయాయి.

మా వదిన కథ

మానుకోటలో ఉండే మా వదినవాళ్లు 2020 మొదట్లో, రాజధాని అల మీద ఉన్నప్పుడు కొన్నారు. మిర్చి డబ్బు కొంత, మిగిలింది బ్యాంకు అప్పు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందే సగానికి దగ్గరగా కట్టేశారు. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. బిల్డరు ఇల్లు అప్పగించేసరికి చెప్పిన గడువుకు రెండేళ్లు ఆలస్యమైంది. ఆ రెండేళ్లూ వాయిదాలు మాత్రం ఆగలేదు. 2023లో మేనకోడలి పెళ్లి కుదిరింది. ఫ్లాట్ అమ్ముదామని చూస్తే కొనేవాళ్లు పక్కనే కడుతున్న కొత్త ఫ్లాట్లు చూపించి బేరమాడారు. పెట్టిన డబ్బు కూడా రాలేదు. చివరికి వదిన తన చేతి గాజులు, పుస్తెలతాడు తప్ప మిగతా బంగారమంతా బ్యాంకులో కుదవపెట్టి పెళ్లి చేసింది.

"గా ఇంట్ల నేను ఒక్క రాత్రి గూడ పండలే వదినా. తాళంచెవి మాత్రం బీరువల ఉన్నది" అంది నాతో. ఆమె మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు రేట్లు మళ్లీ కదులుతున్నాయని అన్నయ్య ధైర్యంగా ఉన్నాడు. కావచ్చు. కానీ డబ్బు అవసరమైన రోజున అమ్ముడుపోని ఆస్తి ఎంత పలికితే ఏం లాభం? మన ఇళ్లలో అవసరాలు అల చూసుకుని రావు. పెళ్లి, ఆపరేషను, పిల్లల సీటు... ఇవన్నీ వాటి తేదీకే వస్తాయి.

బియ్యం లెక్కలాగే చూద్దాం

మనం నెలసరుకులకు లెక్క వేసినట్టే దీనికీ వేద్దాం. ఉదాహరణకు ఫ్లాట్ ధర 70 లక్షలనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం: 5 లక్షల 25 వేలు. ఇంకా కడుతున్న ఇల్లయితే జీఎస్‌టీ అయిదు శాతం: మూడున్నర లక్షలు. ఫ్యాన్లు, అల్మరాలు, సొసైటీ డిపాజిట్లకు మూడుంపావు లక్షలు వేసుకుందాం. మొత్తం 82 లక్షలు.

నెలకు 18 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదిలో ఒక నెలైనా ఖాళీగా ఉంటుంది. పదకొండు నెలలకు లక్షా 98 వేలు. అందులోంచి నెలకు మూడున్నర వేల చొప్పున మెయింటెనెన్స్, ఇంటిపన్ను, చిన్నాపెద్దా రిపేర్లు తీసేస్తే మిగిలేది లక్షా ముప్పై వేలు. 82 లక్షల మీద ఇది ఒకటిన్నర శాతం పైచిలుకు! అదే డబ్బు ఆరున్నర శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి అయిదు లక్షల 33 వేలు.

"అద్దె ఎవరిక్కావాలి, ధర పెరుగుతుంది కదా" అంటారు. సరే, అదీ చూద్దాం. 82 లక్షలు బ్యాంకులో అయిదేళ్లుంటే కోటీ పన్నెండు లక్షలవుతాయి. మనకొచ్చే అద్దె ఆరున్నర లక్షలు అందులోంచి తీసేసినా, ఇవాళ 70 లక్షలన్న ఫ్లాటు అయిదేళ్లలో కోటీ ఆరు లక్షలకు అమ్ముడుపోవాలి. అప్పటికి బ్యాంకుతో సమానమైనట్టు, అంతే! బ్యాంకు వడ్డీకి పన్నున్నట్టే దీనికీ ఉంది. 2024 జులై తర్వాత కొన్న ఇల్లు రెండేళ్లు దాటాక అమ్మితే లాభంలో పన్నెండున్నర శాతం పన్ను. ద్రవ్యోల్బణం పేరుతో ఇదివరకు ఇచ్చిన సవరింపు ఇప్పుడు లేదు. బ్రోకరు కమీషను సరేసరి.

అప్పు చేసి కొంటే? 50 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 43 వేలు దాటుతుంది. చేతికి మిగిలే అద్దె నెలకు 11 వేలు. తక్కిన 32 వేలూ ప్రతినెలా ఎక్కణ్నుంచి వస్తాయి? మన వంటింటి డబ్బాల్లోంచే.

"రోజు అద్దెకిస్తే బోలెడు వస్తుంది, అరకు సీజన్లో గది దొరకదు" అన్నాడు ఆ ఏజెంటు. నిజమే కావచ్చు. కానీ దుప్పట్లు ఉతికేదెవరు, తాళం ఇచ్చేదెవరు, ఆరువందల కిలోమీటర్ల అవతల కుళాయి పగిలితే పరుగెత్తేదెవరు? దానికి మనిషిని పెడితే అదీ ఒక జీతమే. చాలా సొసైటీలు రోజువారీ అతిథులకు ఒప్పుకోవు కూడా.

భూమి ఎంత కొంటున్నాం?

మనది భూమిని నమ్ముకున్న ప్రాంతం. "భూమి ఎటూ పోదు" అంటారు పెద్దలు. అది నిజం. కానీ ఫ్లాటు భూమి కాదు. పద్నాలుగు వందల అడుగుల ఫ్లాటు కొంటే, దాని కింద మన పేర రాసే నేల ఎన్ని గజాలు? అపార్ట్‌మెంటు ఎన్ని అంతస్తులు లేస్తే మన వాటా అంత సన్నబడుతుంది. నలభై గజాలో, అంతకన్నా తక్కువో ఉండొచ్చు. అది కూడా "ఇదిగో ఇది నాది" అని హద్దులు చూపించలేని వాటా. కాలంతో పెరిగేది ఆ నేల విలువే. పైన ఉన్న గోడలు, లిఫ్టు, పైపులు ఏటేటా పాతబడేవే.

సముద్రం పక్కన అవి ఇంకా తొందరగా పాతబడతాయి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు, ఏసీ మిషన్లు, చివరికి స్లాబులోని ఇనుము కూడా తుప్పు పడతాయి. మూసిపెట్టిన ఇంటికి మరీను. పెంబర్తి ఇత్తడి సామాను నెలనెలా తోమకపోతే ఏమవుతుందో మనకు తెలియదా? ఇంటికీ అంతే.

ఇంకో మాట. "భూపాలపల్లి బొగ్గుదుమ్ముల బతుకంత గడిచింది, జర మంచి గాలి పీల్సుకుంట" అన్నాడట చిన్నాయిన. పాపం, విశాఖ పోర్టు దగ్గర పాతనగరంలో ఉండేవాళ్లు ఏళ్లుగా బొగ్గుదుమ్ము గురించే మొత్తుకుంటున్నారు. ఊరు పెద్దది, ఏ మూలన కొంటున్నామో, గాలి ఎటు వీస్తుందో వెళ్లి చూడాలి.

కాగితాలు అడగడానికి సిగ్గెందుకు?

వేయి రూపాయల చీరకు అరగంట బేరమాడతాం. కుట్లు, అంచు, రంగు పోతుందా అని పది ప్రశ్నలు వేస్తాం. డెబ్భై లక్షల ఫ్లాటుకు మాత్రం "ఆయన చూసుకుంటారు" అంటాం. ఈ నాలుగూ మనమే అడుగుదాం.

ఒకటి, రెరా నంబరు. 2016 నాటి ఈ చట్టం ప్రకారం అయిదువందల చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేక ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టే ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. ప్రీలాంచ్ అంటూ తక్కువ రేటు చూపించేది ఈ నంబరు రాకముందే. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పదిశాతం మించి అడగకూడదు. మన దగ్గర తీసుకున్న డబ్బులో డెబ్భై శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. గడువు దాటితే వడ్డీ ఇవ్వాలి. నిర్మాణ లోపాలకు అయిదేళ్లు బాధ్యత బిల్డరుదే. ఇవేవీ మా వదినకు తెలియవు. ఇంకో సంగతి, ఇల్లు విశాఖలో కాబట్టి ఫిర్యాదు చేయాల్సింది ఆంధ్రప్రదేశ్ రెరాకు, మన తెలంగాణ రెరాకు కాదు.

రెండు, భూమి ఎవరిది? కొత్తగూడ, గంగారం వైపు వాళ్లకు 1/70 చట్టం గురించి చెప్పనక్కర్లేదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొంటే ఆ కాగితం చెల్లదు. విశాఖలోనూ అలాంటి ముళ్లున్నాయి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల వివాదం దశాబ్దాల నాటిది. భీమిలి, మధురవాడ వైపు రికార్డులు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద 2017లో ఒకసారి, 2019లో మరోసారి ప్రత్యేక దర్యాప్తు బృందాలనే వేశారు. అందుకే ఈసీ తీయించి, 22ఏ నిషేధిత జాబితా చూసి, బిల్డరుకు సంబంధం లేని వకీలుకు చూపించాలి.

మూడు, సముద్రానికి ఎంత దూరం? తీరప్రాంత నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయి. "ఏమవుతుందిలే" అనుకోకండి. కేరళలో కొచ్చి దగ్గర మరడులో నీటి ఒడ్డున కట్టిన నాలుగు పెద్ద అపార్ట్‌మెంట్లను సుప్రీంకోర్టు ఉత్తర్వుతో 2020 జనవరి 11, 12 తేదీల్లో పేల్చేశారు. అందులో మూడువందలకు పైగా ఫ్లాట్లు. కొన్నవాళ్లంతా డబ్బిచ్చి, రిజిస్ట్రేషను చేయించుకుని, పన్నులు కట్టినవాళ్లే.

నాలుగు, చెబుతున్న అడుగుల్లో ఇంటి లోపల నడిచే చోటెంత? రెరా ప్రకారం లెక్క చెప్పాల్సింది కార్పెట్ ఏరియాలో. మెట్లు, వరండాలు కలిపిన పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు.

ఎవరి పేరు మీద?

ఇది అడిగితే ఇంట్లో ముఖాలు మారతాయి. అయినా అడగాలి. వదిన ఫైలు తిరగేస్తుంటే నాకు కనిపించింది: సేల్‌డీడ్‌లో అన్నయ్య పేరొక్కటే. బ్యాంకు అప్పు కాగితంలో మాత్రం ఇద్దరి సంతకాలూ ఉన్నాయి! అంటే అప్పులో ఆమె భాగస్తురాలు, ఇంట్లో కాదు. అన్నయ్య చెడ్డవాడేం కాదు. ఎవరూ ఆలోచించలేదు, అంతే. బ్యాంకు వాళ్లు చూపించినచోటల్లా ఆమె సంతకం పెట్టింది.

అప్పులో సంతకం పెడితే ఆస్తిలోనూ పేరుండాలి. మన బంగారం కుదవపెడితే ఆ సంగతి కాగితం మీద ఉండాలి. రిటైర్మెంటు డబ్బయితే అది ఇద్దరి ముసలితనానికి ఆధారం. దాన్ని ఒక్కచోట, తొందరగా అమ్మలేని చోట పెట్టేముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మగవాళ్ల పింఛను సగానికి తగ్గినా, ఆగినా మిగిలిన ఏళ్లు గడపాల్సింది తరచూ ఆడవాళ్లే.

అలాగని విశాఖలో ఎవరూ కొనొద్దని నేననడం లేదు. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగం చేస్తుంటే, మీరే వెళ్లి ఉండాలనుకుంటే, నిక్షేపంగా కొనుక్కోండి. అప్పుడది పెట్టుబడి కాదు, ఇల్లు. పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చినదయితే జీఎస్‌టీ ఉండదు, ఆలస్యం భయమూ ఉండదు. ఏడాదికి నాలుగు రోజుల సముద్రం కోసమైతే, మంచి హోటల్లో గది తీసుకున్నా ఒక నెల వాయిదా ఖర్చు కాదు.

ఇదంతా చిన్నమ్మకు ఫోన్లో అరగంట చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: "అయితే బిడ్డా, ఆ పైసలల్ల మేం సచ్చెదాక తినెటియి ఎన్ని, ఆగేటియి ఎన్ని?"

ఇన్ని లెక్కలు వేసిన నాకు ఆ ప్రశ్న తట్టనేలేదు. నెలనెలా తిండికి, మందులకు కావలసింది ముందు తీసి పక్కనపెట్టాలి. ఏళ్లపాటు కదపకుండా ఆగగలిగిన డబ్బుంటేనే ఫ్లాటు మాట ఎత్తాలి.

చిన్నాయిన ఆ నెలాఖరుకు రెండు లక్షలు కట్టలేదు. కోపంగానే ఉన్నాడు నామీద. ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడట, గడువు ఇంకో నెల పొడిగించారని. తగ్గింపు గడువులు అలాగే పొడుగుతుంటాయి మరి! వచ్చే నెల ఇద్దరూ రైల్లో వైజాగ్ వెళ్తున్నారు. కంపెనీ బస్సులో కాదు, సొంత టికెట్టు మీద. ఆ స్థలాన్ని పగలూ రాత్రీ కూడా చూస్తారట, చుట్టుపక్కల ఎన్ని ఫ్లాట్లలో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెడతారట. ఈ ఆలోచన చిన్నమ్మదే. ఆమె చదివింది అయిదో తరగతి.